మందుకు లొంగని సూక్ష్మజీవి గుట్టు రట్టయ్యేదెలా?

తార్నాక నుంచి ఉప్పల్‌కు వచ్చే రోడ్డు మీద మనమంతా లెక్కలేనన్నిసార్లు తిరిగి ఉంటాం. ఐ.ఐ.సి.టి. దాటి హబ్సిగూడ రాగానే సి.సి.ఎం.బి., ఎన్.జి.ఆర్.ఐ.ల పొడవైన ప్రహరీ గోడలు కనిపిస్తాయి. ఇప్పుడు మెట్రో స్టేషనుకు కూడా ఎన్.జి.ఆర్.ఐ. పేరే పెట్టారు. ఒకప్పుడు నాచారంలో ఉన్న సి.డి.ఎఫ్.డి. ఇప్పుడు ఉప్పల్‌లో సొంత ప్రాంగణంలో ఉంది. బోర్డులు చదువుతాం, బస్సు ముందుకు పోతుంది. లోపల ఏం జరుగుతుందో మాత్రం చాలామందికి తెలియదు.

ఆ గోడల లోపల జరిగిన పనుల్లో ఒకటి మన జ్వరానికి, మన దగ్గుకు నేరుగా సంబంధించినది. ఒక మందు ఒకరికి పనిచేసి మరొకరికి ఎందుకు పనిచేయదు? రోగి శరీరంలోని బాక్టీరియా ఆ మందును ఎదిరించే శక్తి సంపాదించిందా, లేదా? సంపాదిస్తే ఆ శక్తి దాని ఒంట్లో ఎక్కడ దాగి ఉంది? దీన్ని ప్రయోగశాలలో ఎలా కనిపెడతారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లకు కూడా అర్థం కావాలని వీలైనంత తేలికగా రాశాను.

హాస్టల్ సంచికలో ఈ విషయం ఎందుకని కొందరు అడగవచ్చు. ఒకే గదిలో పదిమంది పడుకుంటాం, ఒకే ట్యాంకు నీళ్లు తాగుతాం. ఒకరికి టైఫాయిడ్ వస్తే అది నలుగురికి పాకడానికి ఎక్కువ రోజులు పట్టదు. క్షయ సంగతీ అంతే. మందుకు లొంగని బాక్టీరియా వల్ల ముందుగా నష్టపోయేది ఇరుకు గదుల్లో ఉండేవాళ్లు, ఖరీదైన మందు కొనలేనివాళ్లు. అంటే మనలాంటి వాళ్లమే.

మందు పనిచేయకపోవడం అంటే ఏమిటి?

బాక్టీరియాను చంపే లేదా పెరగకుండా ఆపే మందులను యాంటీబయాటిక్స్ అంటారు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నాడు. భీమవరంలో పుట్టిన మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తున్న రోజుల్లోనే అక్కడ టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. ఆ మందులు కోట్ల ప్రాణాలు కాపాడాయి.

అయితే బాక్టీరియా చేతులు కట్టుకుని కూర్చోలేదు. పెన్సిలిన్ రోగులకు విరివిగా అందకముందే, 1940లోనే, దాన్ని ముక్కలు చేసే ఎంజైమును ఒక బాక్టీరియాలో ఏబ్రహాం, చెయిన్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. మన దేశంలో టైఫాయిడ్‌కు క్లోరాంఫెనికాల్ తిరుగులేని మందుగా ఉన్న కాలంలో, 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. ఆ తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది. దానికీ అదే గతి పట్టింది.

ప్రపంచం మొత్తం మీద 2019లో మందుకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవారు సుమారు 12.7 లక్షలని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "నా ఒంటికి ఆ మాత్ర అలవాటు పడిపోయింది" అంటుంటారు. అలవాటు పడేది మన ఒళ్లు కాదు, బాక్టీరియా. అందుకే ఎన్నడూ యాంటీబయాటిక్ వాడని పసిబిడ్డకు కూడా మందుకు లొంగని బాక్టీరియా సోకవచ్చు.

బాక్టీరియా వేసే నాలుగు ఎత్తులు

మందును ఎదుర్కోవడానికి బాక్టీరియాకు ముఖ్యంగా నాలుగు మార్గాలున్నాయి.

మొదటిది, మందును విరగ్గొట్టడం. పెన్సిలిన్ జాతి మందులను ముక్కలు చేసే ఎంజైములను బీటా లాక్టమేజులు అంటారు. చివరి అస్త్రంగా దాచుకున్న కార్బాపెనెమ్ మందులను కూడా విరగ్గొట్టే ఎన్.డి.ఎం.-1 ఈ కోవకు చెందినదే. భారతదేశంలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన ఒక రోగిలో దొరికిన ఈ ఎంజైము గురించి 2009లో లోకానికి తెలిసింది.

రెండవది, గురిని మార్చడం. మందు తాళంచెవి లాంటిదైతే బాక్టీరియాలోని ఒక ప్రొటీను తాళం లాంటిది. బాక్టీరియా తాళాన్నే కాస్త మార్చేస్తే చెవి పట్టదు. టైఫాయిడ్ బాక్టీరియాలో జైర్-ఏ అనే జన్యువు చేసే ప్రొటీనులో 83వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, సిప్రోఫ్లాక్సాసిన్ పదును తగ్గిపోతుంది.

మూడవది, మందును బయటికి తోడిపోయడం. పడవలోకి వచ్చిన నీటిని తోడిపోసినట్టు, కణంలోకి వచ్చిన మందును కొన్ని ప్రొటీన్లు పంపుల్లా బయటికి నెట్టేస్తాయి. టెట్రాసైక్లిన్ విషయంలో ఇది ఎక్కువ.

నాలుగవది, తలుపులు మూయడం. మందు లోపలికి వచ్చే రంధ్రాలను తగ్గించుకోవడం.

ఈ నాలుగింటికీ మూలం జన్యువుల్లోనే ఉంటుంది. జన్యువు అంటే డి.ఎన్.ఏ. మీద ఏ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసిన ఒక ఆదేశం. మన పేగుల్లో ఉండే ఇ.కోలి బాక్టీరియా డి.ఎన్.ఏ.లో దాదాపు 46 లక్షల అక్షరాలు, నాలుగు వేలకు పైగా జన్యువులు ఉంటాయి. అంత పుస్తకంలో మందును ఎదిరించే ఆదేశం ఉన్న పేజీని పట్టుకోవడమే మన సమస్య.

పేజీ కాదు, చిట్టీ

ఈ ఆదేశాలు రెండు చోట్ల ఉంటాయి. కొన్ని బాక్టీరియా ముఖ్య డి.ఎన్.ఏ.లో అచ్చుతప్పులా, అంటే ఉత్పరివర్తనంగా పుడతాయి. అవి తల్లి కణం నుంచి పిల్ల కణానికి వెళతాయి. మరికొన్ని ప్లాస్మిడ్ అనే చిన్న గుండ్రని డి.ఎన్.ఏ. మీద ఉంటాయి. ఈ ప్లాస్మిడ్ ముఖ్య డి.ఎన్.ఏ.తో సంబంధం లేకుండా ఒక బాక్టీరియా నుంచి మరో బాక్టీరియాకు, ఒక్కోసారి వేరే జాతికి కూడా చేరుతుంది. పరీక్ష హాల్లో చిట్టీ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి చేరినట్టన్నమాట. చదవకపోయినా చిట్టీ అందినవాడు గట్టెక్కుతాడు. 1950 దశకం చివర్లో జపాన్‌లో రక్త విరేచనాల బాక్టీరియాను పరిశీలిస్తూ శాస్త్రవేత్తలు ఈ బదిలీని గుర్తించారు. అంతవరకూ ఒక్కో మందుకు నిరోధకత విడివిడిగా వస్తుందనుకున్నారు. ఒకే చిట్టీలో నాలుగైదు మందులకు జవాబులు ఉంటాయని అప్పుడు తేలింది.

కాబట్టి ప్రయోగశాల రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ బాక్టీరియా మందుకు లొంగుతుందా, లేదా? లొంగకపోతే ఏ జన్యువు వల్ల, అది చిట్టీ మీద ఉందా, పుస్తకంలో ఉందా?

మొదటి మెట్టు: పళ్లెంలో పరీక్ష

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే పరీక్ష చాలా పాతది, ఇప్పటికీ ఆసుపత్రుల్లో రోజూ చేసేది. రోగి రక్తం, మూత్రం లేదా కళ్లె నుంచి బాక్టీరియాను పెంచి వేరుచేస్తారు. దాన్ని గుండ్రని పళ్లెంలో గడ్డకట్టిన అగార్ మీద సమానంగా పూస్తారు. అగార్ అంటే మరేదో కాదు, మిఠాయిల్లో వాడే చైనా గ్రాస్ జాతిదే. సముద్రపు నాచు నుంచి తీస్తారు. దాని మీద మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి 35 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచుతారు.

మర్నాటికి బాక్టీరియా పళ్లెమంతా పలచని పొరలా పెరుగుతుంది. మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఆ వలయం వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి పట్టికతో పోల్చి, ఈ మందుకు లొంగుతుంది, దీనికి లొంగదు అని రాస్తారు. 1966లో బాయర్, కర్బీ, వారి సహచరులు దీన్ని ఒక పద్ధతిలో పెట్టారు. అందుకే దీన్ని కర్బీ-బాయర్ పరీక్ష అంటారు.

ఖర్చు తక్కువ, యంత్రాలు అక్కరలేదు. డాక్టరుకు కావలసిన జవాబు దొరుకుతుంది. కానీ బాక్టీరియాను వేరుచేసి పెంచడానికి, పరీక్షకు కలిపి రెండు మూడు రోజులు పడుతుంది. క్షయ బాక్టీరియా అయితే మరీ నెమ్మది; పాత పద్ధతిలో పెంచడానికే వారాలు పట్టేది. పైగా వలయం లేదని తెలుస్తుంది గానీ ఎందుకు లేదో తెలియదు. విరగ్గొట్టిందా, తోడిపోసిందా, తాళం మార్చిందా? దానికి జన్యువు దగ్గరికే వెళ్లాలి.

రెండవ మెట్టు: పి.సి.ఆర్.

కరోనా కాలంలో ఈ మాట వినని వారు లేరు. 1983లో అమెరికాకు చెందిన కేరీ మల్లిస్ ఈ పద్ధతిని ఊహించాడు. 1993లో నోబెల్ బహుమతి పొందాడు. డి.ఎన్.ఏ.లో మనకు కావలసిన ఒక్క ముక్కను మాత్రమే పట్టుకుని కోట్ల నకళ్లు తీయడం దీని పని.

ఎలాగో చూద్దాం. లక్షల పేజీల గ్రంథాలయంలో ఒక్క పేరా కావాలి. ఆ పేరా మొదటి మాటలు, చివరి మాటలు మనకు తెలుసు. ఆ రెండింటినీ గుర్తుపట్టి వాటి మధ్య ఉన్నదాన్ని మాత్రమే జిరాక్స్ తీసే యంత్రం ఉంటే? పి.సి.ఆర్. చేసేది అదే. మొదటి మాటలు, చివరి మాటలుగా పనిచేసే చిన్న డి.ఎన్.ఏ. ముక్కలను ప్రైమర్లు అంటారు. ఒక్కొక్కటీ ఇరవై అక్షరాల పొడవు ఉంటుంది.

ముందుగా బాక్టీరియాను కొంచెం నీటిలో కలిపి కాసేపు మరిగిస్తారు. కణం పగిలి డి.ఎన్.ఏ. బయటికి వస్తుంది. చిన్న గొట్టంలో ఆ డి.ఎన్.ఏ., ప్రైమర్లు, నాలుగు అక్షరాల ముడిసరుకు, అతికించే ఎంజైము వేసి యంత్రంలో పెడతారు. యంత్రం చేసేది వేడి మార్చడమే. 95 డిగ్రీల దగ్గర డి.ఎన్.ఏ. రెండు పోగులూ విడిపోతాయి. 55 డిగ్రీల ప్రాంతంలో ప్రైమర్లు తమ చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఎంజైము మిగతా అక్షరాలు పేర్చుకుంటూ పోతుంది. మరిగే వేడికి ఎంజైము చెడిపోదా అంటే, దాన్ని మొదట వేడినీటి బుగ్గలో బతికే బాక్టీరియా నుంచి తీశారు. అందుకే తట్టుకుంటుంది.

ఒక్కో చుట్టుకు ఒకటి రెండు అవుతుంది, రెండు నాలుగు అవుతుంది. చదరంగం గళ్లలో గింజల కథ గుర్తుందా? 30 చుట్లు పూర్తయ్యేసరికి ఒక్క ముక్క నుంచి లెక్క ప్రకారం 107 కోట్లకు పైగా నకళ్లు వస్తాయి. దీనికి పట్టే సమయం రెండు గంటల లోపే.

నకళ్లు వచ్చాయో లేదో చూడాలి కదా. అగరోజ్ అనే జెల్లీ పలకలో గుంటలు చేసి, వచ్చిన ద్రవాన్ని పోసి కరెంటు పెడతారు. డి.ఎన్.ఏ.కు రుణావేశం ఉంటుంది కాబట్టి ధన ధ్రువం వైపు కదులుతుంది. చిన్న ముక్కలు ముందు, పెద్దవి వెనక. రంగు కలిపి అతినీలలోహిత కాంతిలో చూస్తే గీతలు మెరుస్తాయి. ఎన్.డి.ఎం. జన్యువు పొడవు 813 అక్షరాలు. దాన్ని వెతకడానికి విరివిగా వాడే ఒక జత ప్రైమర్లు 621 అక్షరాల ముక్కను ఇస్తాయి. పక్కనే కొలబద్ద లాంటి డి.ఎన్.ఏ. గీతలు ఉంటాయి. సరిగ్గా 621 దగ్గర గీత మెరిసిందా, ఎన్.డి.ఎం. ఉన్నట్టే.

ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. ప్రతిసారీ రెండు అదనపు గొట్టాలు తప్పక పెడతారు. ఒకదానిలో ఆ జన్యువు ఉందని ముందే తెలిసిన డి.ఎన్.ఏ. వేస్తారు, గీత రావాలి. రెండవదానిలో నీళ్లు మాత్రమే వేస్తారు, గీత రాకూడదు. మొదటిదానిలో రాకపోతే పరీక్షే పనిచేయలేదు. రెండవదానిలో వస్తే ఎక్కడో కల్తీ జరిగింది. ఈ రెండూ సరిపోతేనే రోగి ఫలితాన్ని నమ్ముతారు. సైన్సులో నిజాయితీ అంటే ఇదే: మన జవాబును మనమే ముందు అనుమానించడం.

మూడు నాలుగు జతల ప్రైమర్లు ఒకే గొట్టంలో వేసి ఒకేసారి అన్ని జన్యువులనూ వెతకవచ్చు. జెల్లీతో పనిలేకుండా నకళ్లు పెరుగుతుండగానే వెలుగు కొలిచే యంత్రాలు కూడా ఉన్నాయి. వాటితో జన్యువు ఉందా లేదా అన్నదే కాక ఎంత ఉందో కూడా లెక్కించవచ్చు.

మూడవ మెట్టు: జోడీని వెతికే ముక్క

డి.ఎన్.ఏ.లో ఏ ఎప్పుడూ టి తోనూ, జి ఎప్పుడూ సి తోనూ జతకడతాయి. కాబట్టి మనకు తెలిసిన ఒక ముక్కకు రంగు లేదా గుర్తు తగిలించి వదిలితే అది తన జోడీ ఎక్కడుందో వెతికి అతుక్కుంటుంది. దీన్ని ప్రోబ్ అంటారు. హబ్సిగూడ సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ ఈ సూత్రంతోనే మన దేశంలో డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని నెలకొల్పారు. ఆయన వాడిన ప్రోబ్ మొదట ఒక జాతి కట్లపాము డి.ఎన్.ఏ. నుంచి వచ్చింది. నేరస్థులను పట్టుకునే సూత్రమే నిరోధక జన్యువులను పట్టుకోవడానికీ పనికొస్తుంది.

క్షయకు చేసే లైన్ ప్రోబ్ పరీక్ష ఇలాంటిదే. సన్నని కాగితపు పట్టీ మీద వరుసగా ప్రోబ్‌లు అతికించి ఉంటాయి. రోగి నమూనా నుంచి పి.సి.ఆర్. చేసిన డి.ఎన్.ఏ.ను దాని మీద పోస్తే జోడీ కుదిరిన చోట గీత పడుతుంది. మామూలు అక్షరాలకు గీత పడకుండా మారిన అక్షరాలకు పడితే మందుకు లొంగని క్షయ అని అర్థం.

నాచారం నుంచి క్షయ మీద

ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పుకోవాలి. సి.డి.ఎఫ్.డి. నాచారంలో ఉన్న రోజుల్లో, ప్రొఫెసర్ సయ్యద్ ఇ. హస్నైన్ డైరెక్టరుగా ఉండగా, ఆయన బృందం ఉత్తర భారతదేశపు రోగుల నుంచి సేకరించిన, అనేక మందులకు లొంగని క్షయ బాక్టీరియాను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. ఏ మందుకు ఏ జన్యువులో ఏ అక్షరం మారిందో చదివి చూపించారు. రిఫాంపిసిన్‌కు ఆర్.పి.ఓ.-బి, ఐసోనియాజిడ్‌కు కాట్-జి, స్ట్రెప్టోమైసిన్‌కు ఆర్.పి.ఎస్.-ఎల్ వంటి జన్యువులను అందులో పరిశీలించారు.

ఇలాంటి పనుల వల్ల లాభమేమిటి? ప్రపంచంలో అనేక చోట్ల చేసిన ఈ పరిశీలనల వల్ల ఒక సంగతి స్పష్టమైంది. రిఫాంపిసిన్‌కు లొంగని క్షయలో సుమారు 95 శాతం సందర్భాల్లో మార్పు ఆర్.పి.ఓ.-బి జన్యువులోని 81 అక్షరాల చిన్న భాగంలోనే ఉంటుంది. క్షయ బాక్టీరియాలోని దాదాపు 44 లక్షల అక్షరాలు వెతకనక్కరలేదు, 81 చూస్తే చాలు. ఈ సూత్రం మీదే సి.బి.నాట్ యంత్రం తయారైంది. కళ్లెను డబ్బీలో వేసి యంత్రంలో పెడితే క్షయ ఉందా, ఉంటే రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నది రెండు గంటల్లో చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో దీన్ని ఆమోదించింది. మన దేశంలోనే తయారైన ట్రూనాట్ కూడా ఇలాంటి పనే చేస్తుంది. ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో ఈ పరీక్షలు ఉచితం.

క్షయకు ఒకేసారి నాలుగు మందులు ఎందుకిస్తారో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. క్షయ బాక్టీరియాలో నిరోధకత చిట్టీల ద్వారా రాదు, అచ్చుతప్పుల ద్వారానే వస్తుంది. ఐసోనియాజిడ్‌ను ఎదిరించే మార్పు సుమారు పది లక్షల బాక్టీరియాలో ఒకదానికి, రిఫాంపిసిన్‌ను ఎదిరించే మార్పు సుమారు పది కోట్లలో ఒకదానికి వస్తుంది. రెండూ ఒకే దానికి రావాలంటే కోటి కోట్లలో ఒకటి. రోగి ఊపిరితిత్తుల్లో అన్ని బాక్టీరియా ఉండవు. అందుకే మందులు కలిపి, క్రమం తప్పకుండా వాడితే జబ్బు తప్పించుకోలేదు. రెండు నెలలకే దగ్గు తగ్గిందని ఆపేస్తే, ఒకటి మింగి ఒకటి వదిలేస్తే, ఈ లెక్క తప్పిపోతుంది.

నాల్గవ మెట్టు: మొత్తం పుస్తకం చదవడం

పి.సి.ఆర్.కు ఒక పరిమితి ఉంది. మనం అడిగిన జన్యువు గురించే అది చెబుతుంది. అడగని దాని గురించి చెప్పదు. ఐతే మొత్తం 46 లక్షల అక్షరాలూ చదివేస్తే? 1977లో ఫ్రెడరిక్ సాంగర్ డి.ఎన్.ఏ. అక్షరాలు చదివే పద్ధతిని ఇచ్చాడు. అప్పట్లో కొన్ని వందల అక్షరాలు చదవడమే గొప్ప. ఇప్పటి యంత్రాలు బాక్టీరియా పుస్తకాన్నంతా ఒకటి రెండు రోజుల్లో చదువుతాయి. పుస్తకాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, అన్నింటినీ ఒకేసారి చదివి, కంప్యూటరుతో అంచులు కలిపి తిరిగి పేరుస్తారు.

ఆ తర్వాత ఆ అక్షరాలను నిరోధక జన్యువుల పట్టికలతో పోలుస్తారు. డెన్మార్క్‌లో రూపొందిన రెస్‌ఫైండర్, కెనడాలో రూపొందిన కార్డ్ ఇలాంటి పట్టికలు. పోలీసు స్టేషనులో పాత నేరస్థుల ఫోటోల పుస్తకం లాంటివన్నమాట. కరోనా సమయంలో వైరస్ రకాలను ఇలా చదివిన ప్రయోగశాలల్లో మన సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. రెండూ ఉన్నాయి. 2020లో సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. కలిసి హైదరాబాద్ మురుగునీటిలోనే వైరస్ ఆనవాళ్లు కొలిచి నగరంలో ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా వేశాయి. మురుగునీరు ఊరి ఆరోగ్యానికి అద్దం లాంటిది.

పటాన్‌చెరు బురద చెప్పిన కథ

ఆ అద్దంలో మన నగరం ముఖం ఎలా కనిపించిందో కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ప్రపంచానికంతటికీ చవకగా మందులు అందడంలో వీటి పాత్ర పెద్దది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం, పటాన్‌చెరులో దాదాపు 90 ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు వాగులో కలుస్తోందని వారు లెక్కగట్టారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందు అంత ఉంటుంది.

అంత మందులో బతికే బాక్టీరియా ఎలాంటిది? కాజీపల్లి చెరువు బురదలోని డి.ఎన్.ఏ.ను లార్సన్ సహచరులు చదివి 2014లో ప్రచురించారు. ఈ పద్ధతిలో ఏ బాక్టీరియానూ పెంచరు. బురదలో ఉన్న అన్ని జీవుల డి.ఎన్.ఏ.నూ కలగాపులగంగా తీసి చదివేస్తారు. దీన్ని మెటాజినోమిక్స్ అంటారు. ఆ చెరువులో 81 రకాల నిరోధక జన్యువులు దొరికాయి. పోలిక కోసం తీసుకున్న స్వీడన్ చెరువులో దొరికినవి ఎనిమిది. మొత్తం మీద కాజీపల్లిలో ఈ జన్యువుల సాంద్రత ఆ చెరువు కన్నా దాదాపు 7000 రెట్లు ఎక్కువ. చేతులు మారే ప్లాస్మిడ్లు, అంటే మన చిట్టీలు, అందులో కుప్పలుగా ఉన్నాయి.

పటాన్‌చెరు ఎక్కడ, ఉప్పల్ ఎక్కడ అనుకోవద్దు. నీటికి మండలాల హద్దులు తెలియవు. నగరం మురుగంతా మూసీలోకే చేరుతుంది. అంబర్‌పేట, నాగోలు దాటి మన పక్క నుంచే ఆ నది పోతుంది. పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు ఆ నీటితోనే ఏళ్ల తరబడి పశువులకు గడ్డి పెంచారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు నగరం తాగింది. ఫ్యాక్టరీలు ఉండాలి, మందులు రావాలి. కానీ వ్యర్థజలాల్లో మందు ఎంత వరకు ఉండవచ్చో హద్దు పెట్టి, కొలిచి, అమలు చేయాలి. మనం అడగాల్సింది ఆ హద్దు గురించే.

పట్టికలో లేని జన్యువు మాటేమిటి?

పట్టికలో పేరున్న జన్యువునే పోలికతో పట్టగలం. కొత్త దొంగ ఫోటో స్టేషనులో ఉండదు. దానికి మరో ఉపాయం ఉంది. బురదలోని డి.ఎన్.ఏ.ను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను మందుకు సులభంగా లొంగే మామూలు ఇ.కోలిలో ప్రవేశపెడతారు. తర్వాత వాటన్నింటినీ మందు కలిపిన పళ్లెంలో పరుస్తారు. చావాల్సినవన్నీ చస్తాయి. ఏదైనా బతికిందంటే దానికి చేరిన ముక్కలోనే నిరోధక జన్యువు ఉందన్నమాట. ఆ ముక్కను చదివితే ఇంతవరకు ఎవరూ చూడని జన్యువు కూడా దొరకవచ్చు. పాత పళ్లెం పరీక్ష, కొత్త డి.ఎన్.ఏ. చదువు ఇక్కడ చేయి కలుపుతాయి.

జన్యువు దొరికితే సరిపోతుందా?

సరిపోదు. జన్యువు ఉన్నా అది పనిచేయకుండా నిద్రపోతుండవచ్చు. చచ్చిన బాక్టీరియా డి.ఎన్.ఏ.ను కూడా పి.సి.ఆర్. చూపిస్తుంది. జన్యువు దొరకలేదంటే నిరోధకత లేదనీ కాదు; మనం వెతకని జన్యువు ఉండవచ్చు. అందుకే మంచి ప్రయోగశాల రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. పళ్లెం "ఏం జరుగుతోంది" అని చెబుతుంది, జన్యువు "ఎందుకు జరుగుతోంది" అని చెబుతుంది. రోగికి మందు రాయడానికి మొదటిది, జబ్బు ఏ దారిన పాకుతోందో తెలియడానికి రెండవది ముఖ్యం.

మనం చేయాల్సింది

సైన్సు తెలుసుకోవడం ఒక ఎత్తు, పాటించడం ఒక ఎత్తు. జలుబు, మామూలు దగ్గు ఎక్కువగా వైరస్ వల్ల వస్తాయి. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు కొనుక్కోవడం, రూమ్మేట్ దగ్గర మిగిలినవి వేసుకోవడం మానేయాలి. డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులు వాడాలి. జ్వరం మూడు రోజులు దాటితే, వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. మందు పడ్డాక రక్తంలో బాక్టీరియా పెరగక పరీక్ష తేలకపోవచ్చు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే సిగ్గుపడకుండా వార్డెన్ గారికి చెప్పి కళ్లె పరీక్షకు వెళ్లాలి. క్షయ రోగులకు పోషకాహారం కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలైంది. అది మన హక్కు.

అన్నిటికన్నా చవకైన మందు సబ్బు, శుభ్రమైన నీరు. సోకని జబ్బుకు మందుతో పనిలేదు, మందు వాడకపోతే నిరోధకత పెరగదు. హాస్టల్ ట్యాంకు కడిగించమని, మరుగుదొడ్లలో నీళ్లు, సబ్బు ఉంచమని అడగడం కూడా ఈ యుద్ధంలో భాగమే.

చివరిగా తమ్ముళ్లకు ఒక మాట. ఈ వ్యాసంలో చెప్పిన పనులన్నీ చేసేది మనలాంటి మనుషులే. ఇంటర్‌లో బై.పి.సి. తీసుకుని మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసినవారు పళ్లెం పరీక్ష చేస్తారు. డిగ్రీలో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివినవారు పి.సి.ఆర్. దాకా వెళతారు. లెక్కలు, కంప్యూటరు ఇష్టమైనవారికి ఆ లక్షల అక్షరాలు పోల్చే పని ఉంది. సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలలు స్థాపన దినోత్సవ సందర్భంగా విద్యార్థులను లోపలికి ఆహ్వానిస్తుంటాయి. మన సైన్సు మాస్టారు ముందుగా ఉత్తరం రాసి, పదిమందిని వెంటబెట్టుకుని వెళితే బాగుంటుంది. ఆ గోడ పక్కన రోజూ నడిచే పిల్లల్లో ఒకరిద్దరైనా ఆ గేటు లోపల ఉద్యోగానికి వెళ్లే రోజు రావాలి. ఆ వార్త మన సంచికలోనే అచ్చవ్వాలి.